రక్తం తక్కువ

పొద్దున్నే వేరుశెనగ బుడ్డల కొట్టు తెరవాల్సిన నాగసుబ్బయ్య ఉతికిన చొక్కా వేసుకుని కొడుకు మంచం దగ్గర నిలబడ్డాడు. జ్ఞానదంతం సలుపుతో సుదర్శన్ దవడ వాచిపోయింది.

"ఆదోని పళ్ల డాక్టరు దగ్గరికి పోదాం. మీ చెల్లెలు శ్రీవిద్యను పెళ్లిచూపుల్లో చూసిపోయిన పిల్లోడికి ఆయన సొంత మేనమామ. ఆయనే పిలిచినాడు, పోకుంటే ఏమనుకుంటారు?"

"అసలు సంగతి చెప్తారా?" అడిగింది భార్య రాజ్యలక్ష్మమ్మ.

"రక్తం తక్కువ అని చెప్తా."

ఆ ఇంట్లో హీమోఫీలియాకు పేరు అదే. సుదర్శన్‌కు దెబ్బ తగిలితే నెత్తురు గడ్డకట్టదు. అది తల్లి వైపు నుంచి వస్తుందని తెలిస్తే ఆడపిల్లను ఎవరూ చేసుకోరని నాగసుబ్బయ్య లెక్క. అందుకే సొంతూరు ఆలూరంతా అదే మాట చెప్పుకొచ్చాడు.

నలుగురూ ఆదోని పోయారు. డాక్టరు సూదిలోకి మత్తుమందు తీసుకుంటూ జబ్బులేమైనా ఉన్నాయా అన్నాడు.

"రక్తం తక్కువ సార్, అంతే."

"దానిదేముంది, బీట్‌రూట్ పెట్టండి. నోరు తెరువు నాయనా."

సూది నోటి దాకా వచ్చేసరికి శ్రీవిద్య లేచింది. "ఆగండి సార్. తక్కువ కాదు, గడ్డకట్టదు. అన్నకు హీమోఫీలియా."

డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నిజమేనా? ఈ సూది దవడ లోతుకు పోతుంది. లోపల నెత్తురు కారి గొంతు మూసుకుపోతే ఊపిరాడదు."

శ్రీవిద్య తండ్రి వైపు తిరిగింది.

"తడిసిన బుడ్డల మూట ఆరిందని చెప్పి యానాడన్నా అమ్మినావా నాయనా?"

"నీ సంబంధం కోసరమే కదా."

"మా తమ్ముడు పన్ను పీకించుకున్న మర్నాడు పోయినాడు. గాలి సోకిందన్నారు. వీడు పోతే ఏమని చెప్తారు?" అంది రాజ్యలక్ష్మమ్మ, గొంతు పెంచకుండా.

నాగసుబ్బయ్య డాక్టరు వైపు చూసి నిజమేనని తలూపాడు. డాక్టరు సూది పక్కన పెట్టి కర్నూలు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. ముందు నరంలోకి నెత్తురు గడ్డకట్టే మందు ఎక్కించాలి. ఆ తర్వాతే పంటి చుట్టూ మాత్రమే సన్నసూదితో మత్తు ఇవ్వాలి.

కర్నూల్లో పన్ను తీసే రోజుకు కూడా పెళ్లివారి ఫోను రాలేదు. ఆసుపత్రి బల్ల మీద ఆలూరు వాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"ఏం జబ్బు?" అంది నర్సు.

"హీమోఫీలియా." నాగసుబ్బయ్య ఆ ఇద్దరికీ వినపడేట్టే చెప్పాడు.

"చెల్లెలికి పరీక్ష చేయించారా? ఆమెకూ ఉండొచ్చు."

నాగసుబ్బయ్య కూతురి వైపు తిరిగాడు. ఆమె పెళ్లి గురించి అన్ని లెక్కలూ వేశాడు. ఆమె నెత్తురు గురించి ఒక్కటీ వేయలేదు.

"నీకెట్లుండాదో యానాడూ అడగలేదు కదమ్మా" అన్నాడు.

శ్రీవిద్య తండ్రి కళ్లు తుడిచి, పరీక్ష కోసం తన కుర్తా చేయి పైకి మడిచి నర్సు ముందు కూర్చుంది.