అర చుట్టు

భీమవరం నుంచి తణుకు వైపు పోయే కాలువగట్టు దారిలో, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ మలుపు ఒకటుంది. పొద్దుగూకిన తరువాత అక్కడ బండి ఆపే డ్రైవరు లేడు.

ఎనిమిదేళ్ల కిందట వెంకన్న అనే డ్రైవరు రొయ్యల లోడుతో పోతుండగా, ఆ మలుపులో అతని పికప్పు ఆగిపోయింది. బానెట్ ఎత్తి, చీకట్లో ఇంజనుపైకి వంగి ఉన్నవాణ్ణి ఎదురుగా వచ్చిన లారీ పొట్టనబెట్టుకుంది. నాటినుంచి రాత్రిపూట అక్కడ ఇంజనులోకి డీజిలు ఎక్కించే చేతిపంపు కొడుతున్న చప్పుడు వినిపిస్తుందని చెప్పుకుంటారు — టక్... టక్... టక్...

అటుగా వెళ్లే డ్రైవర్లు కిటికీలోంచి వెంకన్నకని ఒక బీడీ విసిరి, వెనక్కి చూడకుండా పోతారు.

పల్లంరాజు మాత్రం రెండు విసిరేవాడు.

వెంకన్న పోయాక షావుకారు గోపాలకృష్ణమూర్తి గారి రొయ్యల లోడ్లన్నీ పల్లంరాజుకే దక్కాయి. ఎనిమిదేళ్లుగా అతని ఇల్లు వాటిమీదే నిలిచింది. ఈ వేసవిలో జానకిరామ్ అనే కుర్రాడు కొత్త పికప్పు కొనుక్కొచ్చాడు. మాట మంచిది, మనిషి చురుకు. షావుకారు ఫోను మొదట అతనికే వెళ్లసాగింది. "జానకిరామ్ వచ్చాడా?" అని ఆయన అడిగిన ప్రతిసారీ పల్లంరాజు ముఖం తిప్పుకునేవాడు. చివరికి జానకిరామ్ క్యారేజీలోని చేపల పులుసు వాసనకు కూడా అతను ఓర్చుకోలేకపోయాడు.

ఒక సాయంత్రం జానకిరామే వచ్చి అడిగాడు.

"అన్నయ్యా, బండి లాగట్లేదండి. డీజిలు ఫిల్టర్లు మార్చాలి. మెకానిక్కు రేపు రమ్మంటున్నాడు, లోడేమో ఇవాళే. మీ చెయ్యి పడితే నాకు నిశ్చింత."

"కొత్త పెళ్లికూతురు కదయ్యా. అప్పుడే అలిగిందా?"

"పైన ఎంత మెరిస్తే ఏంటండి, తాగే డీజిలు మంచిది కావద్దూ?"

పల్లంరాజు పానా అందుకున్నాడు. పాత ఫిల్టర్లు రెండూ విప్పాడు. అడుగున నల్లటి మడ్డి. కొత్తవాటిలో డీజిలు నింపి బిగించాడు. లోపలి గాలి పోవడానికి ఉండే స్క్రూ వదులుచేసి చేతిపంపు కొట్టాడు. ముందు నురగ వచ్చింది... తరువాత బుడగలు... ఆఖరుకు తేటగా డీజిలు. ఇక స్క్రూ బిగించడమే తరువాయి.

బిగించాడు — అర చుట్టు తక్కువగా.

ఆ సందులోంచి గాలి పీల్చుకుంటూ ఇంజను ఎంతదూరం పోగలదో అతనికి తెలుసు. ఐసు ఫ్యాక్టరీ మలుపుదాకా. అక్కడ ఆగితే నెపం వెంకన్న మీదికి పోతుంది. ఐసు కరిగి రొయ్యలు పాడైతే, షావుకారు ఫోను మళ్లీ తనకే వస్తుంది.

"మలుపులో బీడీ వెయ్యడం మరవకు," అన్నాడు.

"నేను కాల్చనుగా అన్నయ్యా. మీరే ఒకటివ్వండి."

పల్లంరాజు తన కట్టలోంచి ఒకటి తీసి ఇచ్చాడు.

ఆ రాత్రి ఫోను దిండు పక్కన పెట్టుకుని, బండి ఆగిందనే కబురు కోసం ఎదురుచూశాడు. పదయింది... పన్నెండయింది... ఫోను మోగలేదు.

తెల్లవారాక జానకిరామ్ లోడు దించి, నేరుగా అతని ఇంటికే వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆగిందన్నయ్యా," అన్నాడు లోగొంతుకతో. "భయమేసి బండి దిగలేదండి. నేను బానెట్ ఎత్తనే లేదు... అప్పటికే ఎత్తి ఉంది. ఎవరో వంగి పంపు కొడుతున్నారు. స్క్రూ బిగించి, స్టార్ట్ చెయ్యమన్నాడు. డబ్బులిస్తే వద్దన్నాడు. మీరిచ్చిన బీడీ మాత్రం అడిగి తీసుకున్నాడు."

"ఇంకేమన్నాడు?"

"'మళ్లీ అర చుట్టే వదిలాడా?' అన్నాడండి. ఎవరి సంగతో నాకు తెలియలేదు."

పల్లంరాజుకు తెలిసింది. ఎనిమిదేళ్ల కిందట, ఆ చివరి రోజున, వెంకన్న బండికి ఫిల్టర్లు మార్చినదీ అతనే. ఆ స్క్రూ సంగతి ఎరిగినవారు ఇద్దరే. అందులో ఒకరు కాలువగట్టున పోయారు.

అప్పుడు ఫోను మోగింది.

"ఏవయ్యా పల్లంరాజూ," అన్నారు గోపాలకృష్ణమూర్తి గారు. "ఇవాళ రెండు లోడ్లున్నాయి. రాత్రికి ఒకటి నువ్వు వేసుకెళ్లు. ఎప్పటి దారే."

"అలాగేనండి," అన్నాడు. కోరుకున్న లోడు అది. కాదనడానికి కారణం ఏం చెప్పగలడు?

పొద్దుగూకేవేళ పానా పట్టుకుని తన బండి బానెట్ ఎత్తాడు. ఆ ఫిల్టర్లు మార్చి ఆరు నెలలయింది. ఆ తరువాత అక్కడ ఎవరి చెయ్యీ పడలేదు.

ఫిల్టరు పక్కన, ఇంజను మీద, సగం కాలిన బీడీ ముక్క ఉంది.

స్క్రూ అంచున డీజిలు చుక్క వేలాడుతోంది. పానా పెట్టి, బిగిసేదాకా తిప్పి చూశాడు...

సరిగ్గా అర చుట్టు.