మొదటి గుమ్మడికాయ

రెజిమెంటల్ బజార్‌లో పాత వాచీలమ్మే సత్యదేవ్ చచ్చిపోయే ముందు ఫోన్లో చెప్పింది రెండే మాటలు.

"సార్, మాల్ సెరోనియా ఆర్మీది. గానీ తెచ్చేటోళ్ళు ఆళ్ళు కాదు. మీలోనే ఒకరు..."

తర్వాత దగ్గులాంటి చిన్న చప్పుడు. సైలెన్సర్! ఆ పైన ఫోన్లో వినబడింది కొట్లోని గడియారాల టిక్‌టిక్ ఒక్కటే.

ఏజెంట్ ఆషర్ ఫోన్‌ని బల్లకేసి కొట్టాడు. భయంతో కాదు, కోపంతో. సత్యదేవ్ అతనికి ఇన్‌ఫార్మర్ మాత్రమే కాదు. పోయినేడాదే వాళ్ళమ్మాయి పెళ్ళిలో పంక్తిలో కూర్చుని తిన్నాడు.

అదే బజార్లో ట్రంకు పెట్టెల షాపు మీద ఒక గది ఉంది. బయట 'ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్' అని బోర్డు. లోపల ఎక్స్‌పోర్టూ లేదు, ఇన్‌స్పెక్షనూ లేదు, చీఫ్ రామభద్రరావు మాత్రం ఉంటాడు. ఆదివారం పొద్దున్నే ఆయన మొహం కాకరకాయ రసం తాగినట్టుంది.

"సత్యదేవ్ సంగతి తెలిసింది. కూర్చో. ఆపరేషన్ కోత," అన్నాడు. "వాల్కేరా, సెరోనియా అరవై ఏళ్ళుగా ప్రాణమిత్రులు. సెరోనియా చేతిలో తుపాకీ వాల్కేరా ఇచ్చిందే. ఆ తుపాకీ పట్టుకునే సెరోనియా పక్కవాడి లోయలో రెండు తరాలుగా తిష్ఠ వేసింది. ఇప్పుడు వాల్కేరా ఖాళీ చెయ్యమంటోంది. సెరోనియా వెన్నుపోటంటోంది. రాయబారుల్ని వెనక్కి పిలిపించుకున్నారు. ఇంకా మాట్లాడుకుంటున్నది ఇద్దరే. వాల్కేరా దూత హాల్డెన్, సెరోనియా దూత ఇమ్రే."

"కుర్రాళ్ళప్పుడు ఇక్కడికి మిలిటరీ కోర్సుకొచ్చి, సైనిక్‌పురిలో ఒకే ఇంట్లో మేడమీద అద్దెకున్నారు. మా ఇంట్లోనే సార్."

"అందుకే నువ్వు. ఇప్పుడూ అక్కడే దిగారు. సాయంత్రం కాల్పుల విరమణ మీద సంతకాలు. ఆయుధాల బ్రోకర్ల ముఠా ఒకటి దాన్ని చెడగొట్టాలని చూస్తోంది. హాల్డెన్ సెరోనియా బాంబుతో చచ్చాడనుకో, ఆ స్నేహం అక్కడితో సరి. ఆ లోయ తగలబడుతుంది, వీళ్ళ సరుకు అమ్ముడుపోతుంది."

"నా వేషం?"

"వేషం లేదు. ఆలిస్ గారి అబ్బాయిలా వెళ్ళు."

ఆలిస్ గారంటే ఆషర్ వాళ్ళమ్మ. ముఠాల మధ్య తిరిగాడు, సరిహద్దులు దాటాడు. అమ్మ దగ్గర మాత్రం అతనింకా ఇన్సూరెన్స్ సర్వేయరే.

---

సైనిక్‌పురి ఇంట్లో ఇడ్లీల మీద పొగ ఎంత ఉందో, మాటల్లోనూ అంతే ఉంది.

"మీ విమానాలు మావి, మీ తూటాలు మావి," అంటున్నాడు హాల్డెన్. "ఆ లోయలో చచ్చే పిల్లల లెక్క మా ఖాతాలో కూడా పడుతోంది ఇమ్రే."

"నువ్వు మిత్రుడివా, యజమానివా? అది ముందు తేల్చు," అన్నాడు ఇమ్రే, కంచం పక్కకి తోసేసి.

ఆలిస్ గారు ఆ కంచాన్ని మళ్ళీ ముందుకి జరిపింది. రిటైర్డ్ టీచరు. ఆవిడకి లోయలూ తెలీవు, ఒప్పందాలూ తెలీవు, అన్నం మీద అలగడం మాత్రం సహించదు. "ఇవాళ చర్చిలో కోత పండుగ. గుడికి రానివాళ్ళకి మధ్యాహ్నం భోజనం లేదు," అని తేల్చేసింది. రెండు దేశాల సెక్యూరిటీ ఆఫీసర్లు ససేమిరా అన్నారు. ఆవిడ వాళ్ళకీ కుర్చీలు చూపించి, ముందు టిఫిన్ తినమంది.

తర్వాత కొడుకు చెవిలో అంది. "ఇవాళ బాప్తిస్మాలు కూడా ఉన్నాయిరా. తొట్టి నింపించారు. ఇప్పటికైనా..."

"అమ్మా, ఇప్పుడా?"

"ఎప్పుడూ ఇప్పుడానే!"

మేడమెట్లు దిగుతూ క్యారల్ నవ్వింది. ముదురాకుపచ్చ పట్టుచీర, నల్లకళ్ళజోడు. దూతల వెంట ఉండే మన డిపార్ట్‌మెంట్ లైజన్ ఆఫీసర్. మెట్టుగూడ పిల్లనని, పాస్టర్ గారి మనవరాలినని చెప్పుకుంది. ఆలిస్ గారు ఆమె వంక కాబోయే కోడల్ని చూసినట్టు చూస్తోంది. నిజం చెప్పొద్దూ, ఆషర్ కూడా అలాగే చూస్తున్నాడు.

"జామర్ ఆన్ చేశా," అంది మెల్లగా. "గుడి చుట్టూ మన మైకులు తప్ప ఇంకే సిగ్నలూ, ఏ రిమోటూ పనిచెయ్యదు. వేలానికొచ్చిన కానుకలన్నీ నేనే చెక్ చేశా. ఆల్ క్లియర్."

మీలోనే ఒకరు. సత్యదేవ్ మాట ఆషర్ చెవిలో మళ్ళీ మోగింది. అతను గేటు దగ్గరి తన మనుషుల్ని అనుమానించాడు, డ్రైవర్లని అనుమానించాడు, ఆఖరికి చీఫ్‌ని కూడా. మనసుపడ్డవాళ్ళని అనుమానించడం ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పరు కదా.

---

ఆరాధన అయ్యాక షామియానా కింద కానుకల వేలం మొదలైంది. అరటిగెలలు, బియ్యం మూటలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఆవకాయ జాడీలు. జనం భుజాలు రాసుకుంటున్నారు. ముందు వరసలో హాల్డెన్, ఇమ్రే పక్కపక్కనే కూర్చుని చెరో దిక్కు చూస్తున్నారు. ఎండ కాస్తూనే ఉన్నా ఆషర్ వీపు మీద చెమట చల్లగా దిగుతోంది.

వేలం పాడేది సామ్యూల్ గారు, రైల్వే గార్డుగా చేసి దిగిన మనిషి. గొంతు ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది. క్యారల్ స్వయంగా తెచ్చిచ్చిన పెద్ద గుమ్మడికాయని ముందుగా ఎత్తాడు.

"మొదటి పంట! పాడుండ్రి జెర గట్టిగ!"

నలుగురు పాడారు. క్యారల్ అందరికంటే పైన పాడింది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. చప్పట్లు మోగాయి.

ఆమె కాయని రెండు చేతులా అందుకుని హాల్డెన్ వైపు తిరిగింది. "మన అతిథికి గుర్తుగా. సార్, మీ చేత్తో మీరే కార్లో పెట్టుకోవాలి."

జనం గొల్లున నవ్వారు.

"అరే సిస్టర్!" సామ్యూల్ గారు కూడా నవ్వాడు. "మొదటి కాయ ఇంటికెట్ల పోతది? అది దేవునిది. కొన్నోళ్ళు మళ్ళ వేలానికి ఇచ్చుడే."

"లేదండీ, ఇది గిఫ్ట్..."

"చిన్నపిల్ల, మర్చిపోయుంటుంది," అంటూ ఆలిస్ గారు ముద్దుగా కాయని లాక్కుని నెత్తిన పెట్టుకుంది. "వేలం అయ్యేదాకా ఇలా తిరుగుతూనే ఉండాలమ్మా. ఆఖర్న విందులో పులుసు పెడతాం."

క్యారల్ మొహం పాలిపోయింది. మళ్ళీ పాడి మళ్ళీ గెలిచింది. కాయ మళ్ళీ ఆలిస్ గారి నెత్తికే ఎక్కింది. మూడోసారి క్యారల్ నోరు విప్పలేదు. వాచీ చూసుకుంది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని గేటు వైపు నడిచింది.

ఆషర్ ఆమె వెనకే కదిలాడు. మెట్టుగూడ గుడి ఈ గుడికి పిల్లగుడి. అక్కడా ఇదే ఆచారం. నడక రాని పాపాయి కూడా ఆ కాయ నెత్తినెత్తుకుని తిరిగే పెద్దల్ని చూసి కేరింతలు కొడుతుంది. పాస్టర్ గారి మనవరాలికి తెలీదా?

గేటు దగ్గర దారికడ్డంగా నిలబడ్డాడు. "సత్యదేవ్‌ని చంపింది నువ్వేనా?"

ఆమె కళ్ళజోడు తీసింది. కళ్ళలో భయం లేదు, తొందర ఉంది. "జామర్ పెట్టించింది నేనే. అందుకే రిమోట్ పెట్టలేదు. టైమర్ పెట్టాను."

"ఎంతుంది?"

"పరుగెత్తు ఆషర్. మీ అమ్మంటే నాకిష్టమే."

"కోత ఆగింది! ఆమెని పట్టుకోండి!" కాలర్ మైకులో అరిచాడు. గేటు బయట కంకులు కాలుస్తున్న అతని మనుషులిద్దరూ విసనకర్రలు పారేసి ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. అది చూసేందుకు ఆషర్ అక్కడ లేడు.

జనం మధ్యలో అమ్మ. అమ్మ నెత్తిన కాయ. ఇంతవరకూ ఏ మిషన్‌లోనూ అతనికి ఇంత భయం వెయ్యలేదు. కుర్చీలు దూకాడు, కోళ్ళని తొక్కాడు, అమ్మ నెత్తిమీంచి కాయ లాక్కున్నాడు. అరచేతికి లోపలి టిక్‌టిక్ తగిలింది.

"ఒరేయ్! అది దేవుడిదిరా!"

"పడుకోండి! అందరూ నేలమీద పడుకోండి!"

గుడి వెనక, బాప్తిస్మాలకని నేలలోకి తవ్విన సిమెంటు తొట్టి, నిండా నీళ్ళు. కాయని అందులోకి విసిరి, గట్టు ఇవతల బోర్లా పడ్డాడు.

భూమి ఒక్కసారి ఎగిరింది. నీళ్ళు గుడి కప్పు దాకా లేచి, షామియానా మీద వానలా కురిశాయి. ఆ తర్వాత కోళ్ళ అరుపులు తప్ప ఏమీ వినబడలేదు.

అందరూ ప్రాణాలతో ఉన్నారు. హాల్డెన్ నేలమీద బోర్లా ఉన్నాడు. అతని మీద అడ్డంగా ఇమ్రే ఉన్నాడు, తన ఒంటితో కప్పేసి.

తన పక్కకి వచ్చిపడ్డ ఇనప ముక్కని హాల్డెన్ చెయ్యి చాచి తీశాడు. సెరోనియా సైన్యం ముద్ర. అతని చూపు మెల్లగా ఇమ్రే వైపు తిరిగింది. అరవై ఏళ్ళ స్నేహం ఆ చూపు చివర వేలాడింది.

ఆషర్ చెవిలో చీఫ్ గొంతు బుసకొట్టింది. "మన మనిషని చెప్పకు! డిపార్ట్‌మెంట్ పరువు!"

ఆషర్ ఇయర్‌పీస్ పీకి జేబులో వేసుకుంటూ హాల్డెన్ దగ్గరికొచ్చాడు. సత్యదేవ్ ప్రాణం ఇచ్చి చెప్పిన మాటని దాచడానికి అతనికి మనసొప్పలేదు.

"సరుకు సెరోనియాది సార్. తెచ్చిన చెయ్యి మాది. మా ఆఫీసరే అమ్ముడుపోయింది. సిగ్గు మాది, ఇమ్రే గారిది కాదు."

హాల్డెన్ ఇనప ముక్కని పక్కన పడేశాడు. తర్వాత ఇమ్రే చొక్కాకి అంటిన గుమ్మడి గుజ్జు దులిపాడు. "లోయ మాత్రం ఖాళీ చెయ్యాల్సిందే."

"సంతకం పెడతానన్నాగా. ముందు లేవనీ," అన్నాడు ఇమ్రే.

ఆలిస్ గారు తడిసిన కొంగు పిండుకుంటూ వచ్చింది. బీటలువారిన తొట్టినీ, నిలువెల్లా నీళ్ళు కారుతున్న కొడుకునీ మార్చి మార్చి చూసింది. ఇన్సూరెన్స్ సర్వేయర్లు ఇలాంటి పనులు చెయ్యరని ఆవిడకి ఎప్పుడో తెలుసు కాబోలు, ఆ మాటే ఎత్తలేదు.

"ఇన్నేళ్ళుగా ఆ తొట్టిలో మునగరా అంటే వాయిదాలేశావు," అంది. "ఆఖరికి గుమ్మడికాయని ముంచొచ్చావా?"