కేబుల్ రాయి

ఫోన్ తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. టైము మూడూ నలభై అయింది.

"ఇంకొక్కసారి నొక్కు తల్లీ," అంది నాన్నమ్మ.

మనవరాలు నొక్కింది. చక్రం మళ్ళీ మొదలైంది. ఈ పిల్లకు పదేళ్ళు. ఇంట్లో అందరూ 'కుదురమ్మ' అని పిలుస్తారు, కుదురన్నది మచ్చుకైనా లేదు కనుక. అలాంటిది ఇవాళ మధ్యాహ్నం నుంచీ కదలకుండా నాన్నమ్మ పక్కనే కూర్చుంది.

నాన్నమ్మ చెల్లెలు దూరపు ఊళ్ళో ఆసుపత్రిలో ఉంది. అక్కడికి రెండు రోజుల ప్రయాణం. మోకాళ్ళ నొప్పులతో నాన్నమ్మ అంత దూరం వెళ్ళలేదు. మూడు వారాలుగా గొంతులో గొట్టం ఉండటంతో ఆ చెల్లెలికి మాట లేదు. నిన్ననే గొట్టం తీశారు. ఇవాళ ఐదింటికి గుండె ఆపరేషన్. దానికి ముందు, సరిగ్గా నాలుగింటికి, అక్కాచెల్లెళ్ళను ఐదు నిమిషాలు మాట్లాడిస్తానని అక్కడి నర్సు చెప్పింది.

"పెద్ద ఆపరేషనట. గట్టెక్కుతుందో లేదో. దాని గొంతు ఒక్కసారి వింటే చాలు నాకు," అని నాన్నమ్మ పొద్దున్నుంచీ అంటూనే ఉంది. తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, రెండింటికే ఫోన్ ముందు కూర్చుంది.

అమ్మ బయటి నుంచి వచ్చింది. "ఊళ్ళో ఎవరికీ నెట్ లేదు అత్తయ్యా. మామూలు ఫోన్లు కూడా పోవడం లేదు."

"టవర్ దగ్గరికి వెళ్తే సిగ్నల్ ఉంటుందేమో చూసొస్తా," అని అమ్మ ఫోన్ తీసుకుని కుదురమ్మ పరుగెత్తింది.

టవర్ వీధి చివర ఉంది. దాని పక్క ఖాళీ స్థలంలో నీళ్ళ పైపు కోసం తవ్వుతున్న యంత్రం ఆగిపోయి ఉంది. చుట్టూ జనం మూగారు. గుంతలో వేలెడంత లావున్న నల్ల తీగ ఒకటి రెండు ముక్కలై పడి ఉంది. సూపర్‌వైజర్ డ్రైవర్ మీద విరుచుకుపడుతున్నాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా నీకు? ఊరంతటికీ ఉన్నదే ఒక్క తీగ."

"రాయి అక్కడుంది సార్," అని డ్రైవర్ చెయ్యి చూపించాడు. "తీగ రాయి కింద కదా ఉండాలి. నేను ఇరవై అడుగులు వదిలేసే తవ్వాను."

కుదురమ్మ ఆ రాయి వైపు చూసింది. నారింజ రంగు పూసిన పొట్టి సిమెంటు రాయి. దాని మీద 'కింద కేబుల్ ఉంది, తవ్వరాదు' అని రాసి ఉంది.

నిన్న సాయంత్రం పిల్లలంతా అక్కడే బంతాట ఆడారు. గోల్‌కి ఒకవైపు చెట్టు ఉంది, రెండో వైపు ఏమీ లేదు. స్కూల్ బ్యాగు నిలబెడితే బంతి తగిలి పడిపోతోంది. అప్పుడు ఈ రాయి కనిపించింది. వానకు నేల మెత్తబడి ఊగే పన్నులా ఉంది. ముగ్గురు కలిసి అటూ ఇటూ ఊపితే ఊడి వచ్చింది. పీకేముందే దాని మీద రాసింది చదివింది కుదురమ్మే. "మనమేం తవ్వడం లేదుగా," అని ఆమె అంటే అందరూ పడీ పడీ నవ్వారు. ఈడ్చుకెళ్ళి గోల్ దగ్గర పాతారు. ఆట అయ్యాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇప్పుడు నోరు తెరిస్తే ఆ తిట్లన్నీ తన మీదికి వస్తాయి. ఆమె నోరు తెరవలేదు.

ఇంతలో ఒక వ్యాను వచ్చింది. అందులోంచి కేబుల్ అతికే ఆయన దిగాడు. గుంత పక్కన పెద్ద గొడుగు పాతి, చిన్న పెట్టెలాంటి మెషీన్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నల్ల తీగ పైతోలు వలిచాడు. లోపల వెంట్రుకల్లాంటి పోగులు ఉన్నాయి. ఒకదాన్ని వేలి మీద ఆనించి పట్టుకుంటే అది ఉందో లేదో కూడా సరిగ్గా కనిపించలేదు.

"ఎంతసేపు పడుతుంది అంకుల్?"

"తొంభై ఆరు పోగులు పాపా. ఒక్కోటీ విడిగా అతకాలి. రాత్రి తొమ్మిదవుతుంది."

"నాలుగింటికి అవదా?"

ఆయన వాచీ చూసుకున్నాడు. నాలుగుకు ఐదు నిమిషాలుంది. ఈ పిల్ల వేళాకోళం ఆడుతోందా అన్నట్టు తలెత్తి చూశాడు. కళ్ళ నిండా నీళ్ళు చూసి మెత్తబడ్డాడు.

"అవదమ్మా."

"టవర్ బాగానే ఉంది కదా. ఫోన్ వచ్చేది గాల్లోంచే కదా?"

"నీ ఫోన్ నుంచి టవర్ దాకే గాలి. అక్కడి నుంచి ఏ మాటైనా మట్టిలోకి దిగాల్సిందే. మాట వెలుగై ఈ గాజు పోగులోంచి పోతుంది. ఆ వెలుగు పుట్టాలంటే కరెంటు ఉండాలి. కరెంటు రావాలంటే ఎక్కడో ఎవరో మెషీన్ల ముందు నిలబడాలి. మనకి కనపడేది చేతిలో ఫోనొక్కటే."

ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు. చిన్న నాన్నమ్మ గొంతు ఈ పోగుల్లో ఏదో ఒక దాంట్లోంచి రావాల్సింది. అది తెగి మట్టిలో పడి ఉంది. కుదురమ్మకు ఏడుపు ఆగలేదు.

ఇంటికి వెళ్ళేసరికి నాలుగూ పది. "వచ్చిందా?" అని అడిగింది నాన్నమ్మ. కుదురమ్మ తల అడ్డంగా ఊపింది. నాన్నమ్మ ఐదు దాకా ఫోన్ కింద పెట్టలేదు. ఆ తర్వాత, "ఈపాటికి లోపలికి తీసుకెళ్ళి ఉంటారు," అని తెర తుడిచి పక్కన పెట్టింది.

తొమ్మిది దాటాక నెట్ వచ్చింది. ముందుగా వచ్చింది నర్సు మెసేజ్. 'నాలుగున్నర దాకా చేస్తూనే ఉన్నాం, కలవలేదు. అక్క ఎత్తిందా, అక్క ఎత్తిందా అని అడుగుతూనే ఉన్నారు.' అమ్మ చదివి వినిపించింది.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. చిన్న నాన్నమ్మ ఆపరేషన్ నుంచి లేవలేదు.

నాన్నమ్మ గట్టిగా ఏడవలేదు. "ఏం చెప్పాలనుకుందో," అని మాత్రం రోజుకు నాలుగైదుసార్లు అనుకునేది. అన్నప్పుడల్లా కుదురమ్మకు అన్నం సయించేది కాదు.

నాలుగో రోజు అమ్మ ఒక కబురు మోసుకొచ్చింది. "ఆ డ్రైవర్‌ని పనిలోంచి తీసేశారట. ఇద్దరు పిల్లలట పాపం."

కుదురమ్మ లేచి నాన్నమ్మ గదిలోకి వెళ్ళింది. బంతాట, గోల్, రాయి, అంతా చెప్పేసింది. ఒక్క ముక్క కూడా దాచలేదు.

నాన్నమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"రాయి మీద రాసింది చదివావా?"

"చదివాను నాన్నమ్మా."

నాన్నమ్మ గోడ వైపు తిరిగింది. రెండు దెబ్బలు వేస్తే బాగుండునని కుదురమ్మ అనుకుంది. నాన్నమ్మ కొట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు.

"నాకు కోపంగానే ఉంది తల్లీ. లేదని అబద్ధం చెప్పలేను."

"ఏం చెయ్యమంటే అది చేస్తా నాన్నమ్మా."

"నాకేం చెయ్యలేవు. నాది అయిపోయింది. ఆ డ్రైవర్‌ది ఇంకా అయిపోలేదు."

గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న అమ్మ చెప్పులు వేసుకుంది.

పైపుల ఆఫీసు ఒక రేకుల గది. సూపర్‌వైజర్ కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. "సార్, మా అమ్మాయి..." అని అమ్మ మొదలుపెట్టింది.

"నువ్వుండమ్మా, నేను చెప్తా," అంది కుదురమ్మ. అంతా చెప్పింది. మిగతా పిల్లల సంగతి ఎత్తలేదు. రాసింది చదివి మరీ పీకించింది తనే కదా.

సూపర్‌వైజర్ పెన్ను కింద పెట్టాడు. ఫోన్ తీసి డ్రైవర్ నంబరు నొక్కి కుదురమ్మ చేతికి ఇచ్చాడు.

"అతనికి నువ్వే చెప్పు. రేపు పనిలోకి రమ్మని నేను చెప్తా."

రెండో రింగుకే అటువైపు నుంచి "సార్" అని గొంతు వినిపించింది. భయం భయంగా ఉంది, అయినా ఒక్క అక్షరం కూడా పోకుండా వినిపించింది. కుదురమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"అంకుల్, రాయి పీకింది నేను," అంది.