కళాసమితి హాల్ల వన్స్ మోర్

సిద్దిపేటల పాత బస్టాండు ఎనుక సందుల కళాసమితి హాలున్నది. పొద్దుగూకినంక ఆ దిక్కు కుక్క గూడ పోదు. ఎందుకంటే ఆ హాల్ల ఎవ్వలన్నా గొంతెత్తితే, చీకట్ల నుంచి ఇంకో గొంతు లేస్తదంటరు...

"వన్స్ మోర్..."

వెనకట నాటకంల పద్యం నచ్చితే జనం అట్లనే అరిచేది. అరిస్తే నటుడు మల్ల పాడాలె. పాడకుంటే జనాన్ని అవమానించినట్టే. మరి జనమే లేని హాల్ల అడుగుతున్నదెవ్వలు?

ఈ కథ చానామంది చెప్తరు. నా లెక్క చెప్పేటోడు మూడు జిల్లాల్ల లేడు. మొన్న చింతమడకల ఓ పెండ్లిల మొదలువెడ్తే అయ్యగారు మంత్రం మర్చిపోయి నా మొఖమే చూసుకుంట కూసున్నడు. ముహూర్తం దాటిపోయింది. ఇగ ఇనున్రి.

లక్ష్మీరాజం అని ఒకాయన. కళాసమితి పుట్టిన నాడే రాజు వేషం కట్టినోడు. ఆయన రాగం తీస్తే కోమటి చెరువుల నీళ్లు సుడి తిరిగేటియి. నేను చూసిన!

మొన్నటి ఎండకాలం ప్రశాంతి అనే కాలేజీ పిల్ల, కళాసమితి తొలినాళ్ల ముచ్చట్లు ముసలోళ్లను అడిగి ఫోన్ల రికార్డు చేసుకుంటున్నది. లక్ష్మీరాజం ఇస్త్రీ అంగీ తొడుక్కొని పోయిండు. పిల్ల నసిగింది.

"తాతా, అందరియి అయిపోయినయి. నీ గురించి గీ ఒక్క ముక్కనే చెప్పిన్రు."

వినిపిచ్చింది. ఫోన్ల ఎవలిదో ముసలి నవ్వు — "లక్ష్మీరాజమా? తెర గుంజే ఇస్తారికి చాయ తాగిపిచ్చి వన్స్ మోర్ కొట్టిపిచ్చుకునేటోడు గదా!"

ఆయన గుండెల ముల్లు దిగింది. ఇస్తారికి చాయ తాగిపిచ్చింది నిజమే. దోస్తు గాబట్టి తాగిపిచ్చిండు. అరువుమని ఏనాడు అడగలే. కాని ఇస్తారి పద్యానికే అరిచిండా... చాయకు అరిచిండా? అడుగుదామంటే ఇస్తారికి పక్షవాతమొచ్చి, రాయపోల్‌ల అక్క దగ్గర పడ్డడని విన్నడు. నోట మాట లేదట.

"సరే బిడ్డా," అన్నడు లక్ష్మీరాజం. "హాల్ల దయ్యమున్నది గదా! దానితోని వన్స్ మోర్ అనిపిచ్చి రికార్డు పట్టుకొస్త. మరి దయ్యానికి చాయ ఎవడు పోసిండు?"

ఆ రాత్రే పోయిండు. పక్క తలుపు నూకితే... కీర్‌ర్‌మన్నది. గబ్బిలాల వాసన. చినిగిన తెర ఉరేసుకున్నట్టు ఏలాడుతున్నది. ఫోన్ల రికార్డు పెట్టిండు. స్టేజి నడుమ నిలబడ్డడు. గొంతు సవరిచ్చుకొని పద్యం ఎత్తుకున్నడు.

అయిపోయింది. నిశ్శబ్దం...

స్టేజి కింది నుంచి, సన్నగ — "వన్స్... మోర్..."

వెంట్రుకలు నిక్కబొడుసుకున్నయి. భయంతోని గాదు, సంబురంతోని! మల్ల పాడిండు. మల్ల అదే గొంతు. మూడోసారి పాడిండు. గొంతు చిట్లింది, రాగం విరిగింది. అయినా ఆగలే. ఇన్నేండ్లకు అడుగుతున్నరు గదా!

"వన్స్ మోర్..."

ఈసారి ఆ గొంతుల ఏడుపున్నది. నేల మీద ఏదో గీసుకుంట దగ్గరికొస్తున్నది... గర్ర్... గర్ర్...

లక్ష్మీరాజం ఫోను లైటు కొట్టిండు.

గోనెసంచి మీద ఓ మనిషి. ఎండిపోయిన పెదవులు. ఒక్క చేత్తోని ఉత్త గిలాస ముందటికి నూకుతుండు.

"ఇస్తారీ!"

ఎనుక చెప్పుల సప్పుడు. చేతుల టిఫిన్, నీళ్ల సీస పట్టుకొని ఇస్తారి అక్క ఐలవ్వ.

"ఆటో దొరక్క ఆల్శమైందిరా తమ్మీ!" అనుకుంట ఉరికొచ్చి, లక్ష్మీరాజాన్ని చూసి ఆగింది. "అయ్యో అన్నా... ఆడు నీళ్లకు ఏడుస్తుంటె నువ్వు పాటలు పాడుతున్నవా?"

"నీళ్లకా?"

"మాటలన్ని పోయినయి. గా ఒక్కటే మిగిలింది. ఆకలైనా గదే, దూపైనా గదే. రాయపోల్‌ల బువ్వ ముట్టలే. ఈడికి తెచ్చినంకనే తిన్నడు."

"ఎవ్వలకు చెప్పకుంట దాస్తివా?"

ఐలవ్వ నవ్వింది. చేదు నవ్వు.

"దయ్యమున్నదంటే జాగ ఇడిచిపెట్టిన్రు. మనిషున్నడంటే ఖాళీ చెయ్యమంటరు."

ఇస్తారి నీళ్లు తాగిండు. వంకరవోయిన మూతి తుడుసుకున్నడు. లక్ష్మీరాజం దిక్కు చూసిండు... చానసేపు చూసిండు.

"వన్స్ మోర్."

"ఇప్పుడేమడుగుతుండు ఐలవ్వా?" లక్ష్మీరాజం ఆమె చేతిల సీస అందుకున్నడు.

"నాకేమెరుక అన్నా? దోమ కుట్టినా గదే అంటడు."

చేతిల నీళ్ల సీస, నోట్లె పద్యం... ఏది ఇయ్యాల్నో తెల్వక లక్ష్మీరాజం అట్లనే కూసున్నడు.

తెల్లారి ప్రశాంతి ఎదురొచ్చింది. "తాతా, దయ్యముందా?"

"ఉన్నది బిడ్డా! తాటిచెట్టంత. కండ్లు కొలిమి లెక్క. ఆ దిక్కు ఎవ్వలు పోకున్రి."

"మరి నిన్ను వన్స్ మోర్ అన్నదా? రికార్డేది?"

లక్ష్మీరాజం ఫోను జేబుల పెట్టుకున్నడు. రికార్డు రాత్రే చెరిపేసిండు. అది బయట వినవడితే పదిమంది లైట్లు పట్టుకొని హాలు మీదికి పోతరు.

"లేదు బిడ్డా," అన్నడు. "నన్ను అనలే."

ఆ పిల్ల రికార్డుల ఆయన గురించి ఇప్పటికీ చాయ ముచ్చటొక్కటే ఉన్నది.

అటెంక ఆ సందులోళ్లు హాల్ల రెండు దయ్యాలున్నయని చెప్పుకున్నరు. ఒకటి పాడుతదట, ఒకటి అడుగుతదట. ఈ వానకాలం ఐలవ్వ టిఫిన్ పట్టుకొచ్చుడు బందైంది. అడిగే గొంతు గూడ బందైంది. ఇగ దాచేదేమున్నది, అందుకే అసలు కథ ఇప్పుడు చెప్తున్న.

పాడే గొంతు మాత్రం ఇంకా వినవడుతున్నదట. పద్యం అయినంక కొద్దిసేపు ఆగుతదట... ఎవ్వలో ఏదో అన్నట్టు ఇంటదట...

ఇని — మల్ల అదే పద్యం ఎత్తుకుంటదట.