పెదవుల మీది పాఠం

ఆ ఇంట్లో పొద్దు నానమ్మ దగ్గుతో మొదలవుతుంది. వెనక గదిలో ఆవిడ దగ్గగానే ముందు గదిలో కొడుకు చేస్తున్న పని ఆపి చెవులు రిక్కిస్తాడు. మామూలు దగ్గయితే మళ్ళీ పనిలో పడతాడు. కాస్త పిల్లికూతలా వినిపించిందంటే చేతిలో ఏదుంటే దాంతోనే పరుగెత్తుతాడు. ఆ రోజు నోట్లో బ్రష్షుతో పరుగెత్తాడు.

"ఏం లేదురా, గొంతులో గరగర. ముందు నోరు కడుక్కో, చొక్కా అంతా నురగ" అంది నానమ్మ.

చూడ్డానికి నవ్వులాటగానే ఉంటుంది గానీ అతని భయంలో అబద్ధం లేదు. కరోనా రాకముందు చలికాలంలో ఉబ్బసం ముదిరి ఆవిడ ఆసుపత్రిలో పడితే, మంచం పక్కన కూర్చుని తల్లి లాగే ప్రతి ఊపిరీ తనే లాగుతున్నట్టు రాత్రీ పగలూ గడిపాడు. ఇప్పుడు ఈ జబ్బు గనక అంటుకుంటే ఆవిడ ఊపిరితిత్తులు తట్టుకోలేవని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ మాట అతని మనసులో ముల్లులా దిగబడిపోయింది. అప్పట్నుంచీ గుమ్మం దగ్గర బకెట్టూ సబ్బూ లేకుండా ఆ ఇంట్లోకి ఈగ కూడా రాలేదు.

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు వినడం అతని ఉద్యోగం. ఆఫీసు మూతపడ్డాక ఆ వినడమేదో ఇంట్లోంచే వింటున్నాడు. కొళాయి రాలేదని తిట్టేవాళ్ళనీ, వచ్చిన నీళ్ళు బురదని ఏడ్చేవాళ్ళనీ ఎంతో ఓపిగ్గా సముదాయిస్తాడు. "ఊరందరి గోడూ వింటారు, నాది తప్ప" అని భార్య సందు దొరికినప్పుడల్లా దెప్పుతుంది. ఆమె బ్రెడ్డు కొట్లో పనిచేస్తుంది. ఎన్ని మూతపడ్డా జనం తినడం మానరు కాబట్టి ఆ కొట్టు ఒక్కరోజు కూడా మూతపడలేదు.

ఆమె పనికి బయల్దేరుతుండగా ఫోను మోగింది. బడి నుంచి కబురు. వచ్చే సోమవారం తలుపులు తెరుస్తారట. పిల్లల్ని పంపేదీ లేనిదీ సాయంత్రం సమావేశంలో చెప్పాలట. ఒకసారి ఇంటి నుంచే చదువు అని చెబితే ఏడాది చివరి దాకా అంతే, మధ్యలో మార్చడం కుదరదట.

"చెప్పడానికేముంది? పంపం" అన్నాడు తండ్రి.

"పంపుదాం" అంది తల్లి, సరిగ్గా అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బల్ల దగ్గర పాలలో బ్రెడ్డు ముంచుకుంటున్న పిల్ల ముంచడం ఆపింది. మూడో తరగతి. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. ఒకప్పుడు ఒక్కచోట నిలిచేది కాదు. ఇప్పుడు గంటలకు గంటలు ఆ కుర్చీకే అతుక్కుపోతోంది.

"నీకు మతి ఉండే మాట్లాడుతున్నావా? అది బడి నుంచి జబ్బు మోసుకొస్తే ముందు పోయేదెవరు?"

"నేను రోజూ కొట్టుకెళ్ళి రావట్లేదా?"

"నీది తప్పనిసరి. దానికేం తక్కువైంది? మార్కులు చూశావుగా, పేరు పెట్టడానికి లేదు. టీచరమ్మ తెగ మెచ్చుకుంటోంది. ఇంక బడెందుకు?"

"మార్కులు బాగానే ఉన్నాయి. పిల్ల బాగాలేదు. మొన్న మెట్ల మీద పక్కింటి పిల్ల పలకరిస్తే నా వెనక దాక్కుంది. మీరు చూశారా?"

"సాయంత్రం ఆ టీచరమ్మతో నేను మాట్లాడతాలే."

"నా మాట కూడా కలిపి మాట్లాడండి" అని ఆమె విసురుగా చెప్పులేసుకుంది. వెనక గది గుమ్మంలో నానమ్మ నిలబడి ఉంది. ఎవరి పక్షమూ మాట్లాడలేదు. ఎప్పుడూ మాటకు తడుముకోని మనిషి ఆ పూట ఎందుకో కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

ఆవిడ మాటల మనిషే. నాటకాల కంపెనీలో బతుకంతా ప్రాంప్టరుగా చేసింది. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, మాట మరిచిపోయిన నటుడికి ఆ మాట అందించడం ఆవిడ పని. రెండుసార్లు చదివితే నాటకం మొత్తం నోటికొచ్చేది. ముందు వరసలో కూర్చున్నవాడికి కూడా వినపడకుండా, ఒక్కోసారి ఉత్త పెదవుల కదలికతోనే నటుణ్ణి గట్టెక్కించేది. "నేనుండగా ఒక్కడు కూడా నోరు తెరుచుకుని నిలబడలేదు" అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. ఫోనులో పాఠాలూ, నోటిమాటగా పరీక్షలూ మొదలయ్యాక పిచ్చుకను కుదురుగా కూర్చోబెట్టే బాధ్యత ఆవిడే తీసుకుంది. నీళ్ళ జగ్గుకు ఆనించిన ఫోనుకు ఇవతల పిల్ల, అవతల నానమ్మ. తల్లి కొట్లో, తండ్రి హెడ్‌ఫోన్లో. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏముంటుందని అందరూ అనుకున్నారు.

సాయంత్రం సమావేశం సంతలా సాగింది. ఫోను తెర నిండా గళ్ళు, గడికో మొహం. ఎవరింట్లోనో పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, ఆ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరికీ తెలియడం లేదు.

"మేమిద్దరం పనికెళ్తాం. మా వాణ్ణి ఇంట్లో పెట్టి తాళం వేసుకుని పోతున్నాం. జైలుకీ దానికీ తేడా ఏంటండీ? తెరవండి!" అన్నాడు ఒక బస్సు డ్రైవరు.

"నేను నర్సుని. మా వార్డులో మంచాలు ఖాళీ లేవు. మీ పిల్లలకేమన్నా అయితే ఎక్కడ పడుకోబెట్టమంటారు?" అంది ఒకావిడ. మాస్కు పట్టీల గుర్తులు ఆమె చెంపల మీద ఇంకా ఉన్నాయి.

ఇద్దరిదీ నిజమే. అందుకే గొడవ తెగలేదు. అప్పుడు పిచ్చుక తండ్రి గొంతు సవరించుకున్నాడు. రోజూ కోపంగా ఉన్నవాళ్ళతో మాట్లాడే మనిషి కదా, తడబడకుండా మాట్లాడాడు. ఇంట్లో పెద్దవాళ్ళ ప్రాణాలు పణంగా పెట్టి బడి తెరవక్కర్లేదన్నాడు. శ్రద్ధ ఉంటే ఇంట్లో కూర్చున్న పిల్లలు కూడా బంగారంలా చదువుతారన్నాడు. సరిగ్గా అప్పుడే భార్య కొట్టు నుంచి వచ్చి, స్నానం చేసి, తడి జుట్టుతో గుమ్మంలో నిలబడింది.

"కావాలంటే మా అమ్మాయినే చూడండి. టీచర్ గారూ, ఏ పాఠమైనా అడగండి" అన్నాడతను.

"వాన పాఠం చదువు తల్లీ, అందరూ వింటారు" అంది టీచరమ్మ ముద్దుగా.

పిచ్చుక పుస్తకం తెరిచింది. గుక్క తిప్పుకోకుండా చదివింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచింది. గళ్ళలో మొహాలన్నీ విప్పారాయి, కొందరు చప్పట్లు కొట్టారు. తండ్రి ఛాతీ రెండింతలైంది.

గుమ్మంలో నిలబడ్డ తల్లి మాత్రం రెండడుగులు ముందుకు వేసింది. పిల్ల చేతిలో పుస్తకం ఏనుగు బొమ్మ ఉన్న పేజీ దగ్గర తెరిచి ఉంది. పిల్ల కళ్ళు ఆ పేజీ మీద కూడా లేవు. ఫోను పైనుంచి అవతలికి చూస్తున్నాయి. ఆ చూపు వెంటే ఆమె కూడా చూసింది. కుర్చీలో అత్తగారు. ఆవిడ పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

"అయితే మీ అమ్మాయికి ఇంటి నుంచే అని రాసుకోనా?" అంది టీచరమ్మ.

"రాసుకో..." అనబోయాడు తండ్రి.

"రేపు పొద్దున చెప్తాం టీచర్ గారూ" అంటూ తల్లి చెయ్యి చాపి ఫోను కట్టేసింది.

అతను ఒంటికాలి మీద లేచాడు. "నలుగురిలో నా పరువు తీశావు! నీ పంతమే నీకు ముఖ్యమా? మా అమ్మ బతికినా చచ్చినా నీకొకటేనా?"

ఆమె పుస్తకంలో వేరే పేజీ తీసి పిల్ల ముందు పెట్టింది. "ఇది చదువు నాన్నా."

పిచ్చుక తలెత్తి నానమ్మ వైపు చూసింది. పాత అలవాటు, నానమ్మ పెదవులు విచ్చుకోబోయాయి. తల్లి వచ్చి వాళ్ళిద్దరి మధ్య నిలబడింది.

పిల్ల పెదాలు తడుపుకుంది. పుస్తకం చూసింది, తల్లి నడుము పక్కనుంచి తొంగి చూడబోయింది, మళ్ళీ పుస్తకం చూసింది.

"అలా గుడ్లురిమి అడిగితే ఎవరికొస్తుంది?" అని తండ్రి మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో ఒక మాట చూపించాడు. "ఇదొక్కటి చెప్పు బంగారూ. చిన్న మాటే."

"మె... టు..." అంది పిల్ల. కింద ఉన్న ఒత్తు దగ్గర ఆగిపోయింది. "నాన్నా, నానమ్మ కనపడట్లేదు."

ఆ ఒక్క మాటతో అతనికి అంతా అర్థమైంది. ఇన్నాళ్ళుగా తను నలుగురికీ చూపించుకున్న మార్కులూ టీచరమ్మ మెచ్చుకోళ్ళూ గాల్లో కలిసిపోయాయి. మెల్లగా లేచి తన తల్లి వైపు తిరిగాడు.

"ఎందుకు చేశావమ్మా ఇలా?"

నానమ్మ కోడలి మొహం చూసే ధైర్యం లేక నేల చూపులు చూసింది.

"మొదట్లో ఒకసారి టీచరమ్మ అడిగితే దీనికి నోరు పెగల్లేదురా. ఫోనులో మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు. దీని కళ్ళ నిండా నీళ్ళు. నేను చూడలేకపోయాను, ఒక్క మాట అందించా. మర్నాడు ఇంకోటి. అలవాటైపోయింది, దానికీ, నాకూ."

"మాకు చెప్పొచ్చు కదా అత్తయ్యా!" అంది కోడలు. "దాని మార్కులు చూసుకుని కొట్లో వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకున్నాను. నన్ను ఇంత పిచ్చిదాన్ని చేస్తారా?"

"చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే నువ్వు బడికి పంపమంటావు, వీడికి నిద్ర ఉండదు. పంపకపోతే నా మూలంగానే పిల్ల చదువు మట్టికొట్టుకుపోయిందని మీరిద్దరూ రోజూ కొట్టుకుంటారు. నా పాడు ఊపిరి అందరి మెడకీ గుదిబండ అయింది. పిల్ల బాగా చదువుతోందనిపిస్తే ఆ గొడవే ఉండదనుకున్నా."

"అయితే ఇప్పుడు నువ్వు గెలిచావన్నమాట" అన్నాడతను భార్యతో, ఎటు విసరాలో తెలియని కోపంతో. "పంపు. అమ్మకేమన్నా అయితే అప్పుడు చూద్దాం."

ఆమె కళ్ళు నిప్పులు కురిశాయి, అంతలోనే వాటిలో నీళ్ళు తిరిగాయి.

"ఈ ఇంట్లో భయం మీ ఒక్కరికే ఉందనుకుంటున్నారా? మా కొట్లో పిండి కలిపే ఆవిడకి జబ్బు చేసింది, తెలుసా? మీకు చెప్పలేదు. చెబితే మీరేమైపోతారోనని చెప్పలేదు. రోజూ ఇంటికొచ్చి ఆ గుమ్మం బయట నిలబడిపోతాను, ఇవాళ నేనే అత్తయ్యకి మోసుకెళ్తున్నానేమోనని. కాళ్ళు రావు. ఒళ్ళు మంటపుట్టేదాకా రుద్దుకుని లోపలికొస్తా. నేను మిమ్మల్ని గెలవాలని అడగట్లేదండీ. అది మాట్లాడ్డం మర్చిపోతోంది, అందుకు అడుగుతున్నా."

అతను రోజూ సాయంత్రం ఆమె స్నానాల గదిలో అంతసేపు ఏం చేస్తుందని విసుక్కునేవాడు. ఊళ్ళోవాళ్ళ కష్టం గొంతు వింటేనే పసిగట్టే తనకి పక్కనున్న మనిషి భయం ఇన్నాళ్ళూ తెలియలేదని సిగ్గుతో చచ్చిపోయాడు. పిచ్చుక ఏడుస్తూ, "నానమ్మని తిట్టకండి. నేనే చెప్పమన్నా" అంది.

నానమ్మ అప్పుడు లేచింది.

"ఇక ఆపండి. అది బడికెళ్తుంది. నేను వెనక గదిలో ఉంటా, కిటికీలు తీసే ఉంచండి. అది గుమ్మం అవతలే కూర్చుంటుంది. మాస్కు పెట్టుకుంటా. కొన్నాళ్ళు దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకోలేను, అంతేగా?" ఒకసారి పిల్ల వైపు చూసి కొడుకు వైపు తిరిగింది. "నువ్వు నన్ను కాపాడుకోరా, వద్దనను. దాని చదువు అడ్డం పెట్టి కాపాడకు."

అతను తల్లి కాళ్ళ దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. భార్య వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. మర్నాడు పొద్దున టీచరమ్మకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది మాత్రం అతనే. "ఇలాంటి ఫోను నాకిది మొదటిది కాదండీ" అంది టీచరమ్మ నిట్టూర్చి. "పంపండి. మొదటి నుంచీ మొదలెడదాం."

బడి తెరిచిన వారంలో ఒక సాయంత్రం. పిచ్చుక స్నానం చేసి, మాస్కు పెట్టుకుని, వెనక గది గుమ్మానికి ఇవతల చాప మీద పుస్తకంతో కూర్చుంది. అవతల తెరిచిన కిటికీ పక్కన నానమ్మ. ఆవిడకూ మాస్కు, కళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. వంటగది గుమ్మంలో తల్లీ తండ్రీ నిలబడి వింటున్నారు. పిల్ల ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతోంది. ఒకచోట ఆగింది.

తలెత్తి నానమ్మ వైపు చూసింది. పెదవులు లేవు. ఉత్త గుడ్డ.

"నానమ్మా, ఒక్కసారి మాస్కు తియ్యవా?"

నానమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు జారి మాస్కులోకి ఇంకుతున్నాయి. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి, వేలు ఆ మాట మీదే ఉండిపోయింది. తండ్రికి ఇక ఉండబట్టలేదు. అలా తడుముకుంటున్న కూతుర్ని చూడలేక మాట అందించడానికి ముందుకు వంగాడు.

"నువ్వు నోరు ముయ్యరా" అంది నానమ్మ గట్టిగా. "అది ఆగితే ఆగనీ. మనకి తొందరేం లేదు."

అతను ఆగిపోయాడు. అందరూ ఆగారు. చాలాసేపటికి పిచ్చుక మళ్ళీ పుస్తకం మీదికి వంగింది.

"ని... చె... నిచ్... నిచ్చె... నిచ్చెన" అంది. ఎవరూ అందించని మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మకం కుదరక, ఇంకోసారి గట్టిగా చదివి చూసుకుంది.