ఆమె ఫోన్‌లో నొక్కిన ఓకే

పొద్దున్నే గిన్నెలు తోముతుంటే మేనేజరు నుంచి ఫోను. తడిచేత్తోనే ఎత్తింది.

"నిన్న యాప్‌లోకి వెళ్ళిన మార్పు మీరే ఓకే చేశారు కదమ్మా? ఒకరి రక్తపరీక్షలు ఇంకొకరికి కనిపిస్తున్నాయి. సిస్టమ్ ఆపినా ఎలా వదిలారు?"

చూసి చెప్తానని ఫోన్ పెట్టేసింది. వాళ్ళ ఆఫీసు నడిపేది ఆసుపత్రుల యాప్; రోగులు తమ రిపోర్టులు అందులోనే చూసుకుంటారు. ఎవరు ఏ మార్పు రాసినా సిస్టమే పరీక్షించి, లొసుగులు వెతికి, జనం ఫోన్లలోకి పంపేస్తుంది. లొసుగు దొరికితే మాత్రం ఆపేస్తుంది. అప్పుడు రాసినవాడు కాక ఇంకొకరు చదివి, తమ ఫోన్‌లో ఓకే నొక్కాలి. నిన్న ఆమె ఏదీ చదవలేదు, నొక్కలేదు. ఆ మార్పు రాసింది అదే ఆఫీసులో పనిచేసే ఆమె మొగుడు. ఆ మహానుభావుడు సోఫాలో కాళ్ళు చాపుకుని కాఫీ తాగుతున్నాడు.

"నా ఫోన్ తీశావా?"

"నువ్వు స్నానానికెళ్ళావు. అవతల తొందరపెడుతున్నారు. అయినా మొగుడూ పెళ్ళాల మధ్య నీ ఫోను, నా ఫోను ఏంటి?"

"ఇదే మొదటిసారా?"

అతను కప్పులోకి చూశాడు.

ఆమెకు తన చెప్పులేసుకుని ఎవడో దొంగతనానికి వెళ్ళొచ్చినట్టుంది. పాస్‌వర్డు దాచుకోకపోవడం ప్రేమనుకుంది పిచ్చిది.

"పొరపాటున నొక్కానని చెప్పెయ్. నిన్నైతే ఓ మాట అంటారు, అంతే. నాకైతే ఉద్యోగమే పోతుంది."

"చదవకుండా నొక్కేదాన్నని పేరొస్తే ఇక నన్నెవరు నమ్ముతారు? ఛీ, నీ పక్కన నిలబడాలంటేనే అసహ్యంగా ఉంది. అత్తయ్య రిపోర్టులు కూడా అందులోనే ఉన్నాయి, గుర్తుందా?"

మూల కూర్చుని బట్టలు మడతపెడుతున్న అత్తగారి చేతులు ఆగిపోయాయి.

"నా రోగం ఊరందరికీ చూపించావా? పైగా ఆ తప్పు దీని నెత్తిన వేస్తావా? నిన్ను కన్నందుకు నామీద నాకే రోతగా ఉందిరా."

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. మేనేజరుకు ఫోన్ చేసి, ఇద్దరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"సార్, నొక్కింది ఆమె కాదు. ఆమె ఫోన్ తీసి నేనే నొక్కాను. ఇంతకుముందు కూడా నేనే."

ఆమె ఓదార్చలేదు. సోఫా అంచున కూర్చుని పాస్‌వర్డు మార్చడం మొదలుపెట్టింది. అతను ఎవరూ చెప్పకుండానే, కొత్తది తనకు కనబడకుండా గోడవైపు తిరిగి, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మార్చడం ఎప్పుడో అయిపోయింది. ఆమె మాత్రం ఆ వీపునే చూస్తూ కూర్చుంది. రోత ఇంకా పోలేదు. అయినా చివరికి ఫోన్ పక్కన పెట్టి అంది.

"అయిపోయింది. ఇటు తిరుగు."