అవ్వ పిలిచే పేర్లు

తెల్లవారకముందే విమలమ్మ గొంతు ఇల్లంతా వినిపిస్తుంది. "ప్రభువా, నా కొడుకు బాలరాజును కాపాడు. కోడలు వనజను కాపాడు. మనవరాలు సాయిశ్రీని కాపాడు..." ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టిన రోజుల నుంచీ అదే అలవాటు. ఒక్కో బీడీకి దారం కడుతూ ఒక్కో పేరు పిలిచేది. ఆ పని మానేసినా, ప్రార్థనలో ఆమె వేళ్లు ఇంకా దారం చుడుతున్నట్టే కదులుతాయి. మనసులో మొక్కుకోవడం ఆమెకు రాదు. నోరారా పిలవాల్సిందే.

కామారెడ్డిలో ఇల్లు కట్టుకున్నాక ఆ గొంతే బాలరాజుకు తలవంపులైంది. ఇక దేవుణ్ణి అడగాల్సిందేమీ మిగల్లేదన్నట్టు అతను చర్చికి పోవడం మానేశాడు. ఆదివారం దుకాణంలో గిరాకీ ఎక్కువ మరి!

"అవ్వా, ఇగ బయటికి ఇనవడకుండ చేసుకో," అన్నాడు తల్లితో ఒక రోజు చాయ్ తాగుతూ. "ఎదురింటి భూమయ్య సేటు నిన్న మళ్ల అన్నడు, నిద్ర పాడైతుందని. మనం కిరాయికున్న దుకాణం షటర్ ఆయనదే. ఖాళీ చెయ్యమంటే మన బతుకేమైతది?"

విమలమ్మ గ్లాసు కింద పెట్టింది. "మీ బాపు పోయినంక ప్రార్థన బంద్ జెయ్యమని మన గుడిసె మీద ఊరోళ్లు రాళ్లేసిండ్రు. నిన్ను ఒళ్లె దాసుకొని ఇంకింత గట్టిగ పిలిచిన. గప్పుడు ఆపలే కొడుకా. కడుపు నిండినంక ఆపమంటవా?"

"గప్పటి ముచ్చట గిప్పుడెందుకు? నీ నోటితోని నా దుకాణం మూతపడాల్నా?"

"గట్లంటరా పెద్దమనిషిని?" అంది వనజ. బాలరాజు వినిపించుకోలేదు.

విమలమ్మ గ్లాసు తీసుకుని లేచింది. "సరే బిడ్డా. నీ ఇంట్ల నా గొంతు ఇనవడది."

మర్నాటి నుంచి ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అవ్వకు ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందనుకుని బాలరాజు హాయిగా నిద్రపోయాడు. గుమ్మం దగ్గర మంచుకు తడిసిన ఆమె చెప్పులు అతని కంట పడనేలేదు.

చలి ముదిరిన ఒక ఉదయం, ఆటో నడిపే మైసన్న ఆమెను ఎత్తుకుని వచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది.

"పట్టాల పక్కన పడిపోయిందన్నా. రోజూ అక్కడికే వస్తది. రైలు పోతుంటే గట్టిగ ప్రార్థన జేస్తది. ఎందుకవ్వా గీ చలిల అంటే, 'రైలు సప్పుడుల ఎవ్వరికీ ఇనవడది, నా కొడుకు మీదికి మాట రాదు' అన్నది."

బాలరాజు ఆమెను తన చేతుల్లోకి తీసుకుని, అదే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

ఏళ్ల తరబడి పొగాకు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు ఆ మంచును తట్టుకోలేకపోయాయి. ఆసుపత్రిలో ఆక్సిజన్ మాస్కు కింద ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు లేదు. దుప్పటి మీద వేళ్లు మాత్రం దారం చుడుతున్నాయి. బాలరాజు మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నేను పిలుస్త అవ్వా. ప్రభువా, వనజను కాపాడు. సాయిశ్రీని కాపాడు..."

వార్డంతా తిరిగి చూసింది. అతను గొంతు తగ్గించలేదు. ఉగ్గుపాలతో విన్న పేర్లన్నీ వాటంతటవే వచ్చాయి. గుడిసె మీద రాళ్లేసినవాళ్ల పేర్లు వచ్చాయి. మోకాళ్ల నొప్పులు తగ్గాలని ఆమె రోజూ పిలిచే భూమయ్య సేటు పేరూ వచ్చింది. అన్నీ అయిపోయాక అతనికి తెలిసింది, అందులో ఆమె పేరు లేదు. ఇన్నేళ్లలో ఆమె కోసం ఎవరూ అడగలేదు. కొడుకైన తను కూడా.

"ప్రభువా, మా అవ్వ... మా అవ్వ విమలమ్మను..." అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆమె వేళ్లు ఆగి, అతని చేతిని పట్టుకున్నాయి. ఆ సాయంత్రమే ఆమె కన్నుమూసింది.

ఎల్లారెడ్డిలో సమాధి చేసి వచ్చిన మర్నాడు, తెల్లవారకముందే బాలరాజు ఆమె కూర్చునే చోట మోకరించి పేర్లు పిలవసాగాడు. వనజ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"కిటికీ వెయ్యాల్నా?"

"వద్దు," అన్నాడు బాలరాజు. "తీసే ఉండనీ."